మెగ్నీషియం రిబ్బన్ ప్రయోగం: మహబూబ్‌నగర్‌ల ఆర్ విలువ 9.38 ఎందుకొస్తుంది?

పాలమూరు_పిప్పెట్:
డిగ్రీ ఫస్టియర్ ప్రాక్టికల్ గురించి అడుగుతున్న. మెగ్నీషియం రిబ్బన్‌ను హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో కరిగించి, వచ్చిన హైడ్రోజన్‌ను నీళ్ల మీద పట్టి, సార్వత్రిక వాయు స్థిరాంకం (ఆర్) కట్టాలె. రీడింగులు:
రిబ్బన్ బరువు 0.0360 గ్రా.
వాయువు 41.7 మి.లీ.
నీళ్ల ఉష్ణోగ్రత 31 డిగ్రీలు
పీడనం 760 మి.మీ. అని తీసుకున్నం
మోల్స్ 0.0360 ÷ 24.305 = 0.001481. ఆర్ (పీడనం × ఘనపరిమాణం ÷ మోల్స్ ÷ పరమ ఉష్ణోగ్రత) 70.35 లీటర్·మి.మీ. వస్తుంది, జౌల్స్‌లోకి మారిస్తే 9.38. పుస్తకంల 8.314. తేడా 13 శాతం దాక ఉంది. అన్ని బ్యాచులకు పైకే వస్తుంది, ఒక్కళ్లకు గూడ కిందికి రాలె. తేడా రిబ్బన్‌లనా, ఆసిడ్‌లనా?

సాగర్_590:
ఆసిడ్‌ను పక్కన పెట్టండి. ఈ రిబ్బన్‌కు కావాల్సింది 3 మిల్లీమోల్స్ ఆసిడ్. 6 మోలార్ ఆసిడ్ 10 మి.లీ. పోస్తే 60 మిల్లీమోల్స్ ఉన్నట్టు. గాఢత కొంచెం అటూ ఇటూ అయినా ఆర్‌కు ఏం కాదు.
అందరికీ ఒకే దిక్కుకు తప్పుతుందంటే అది చేతి తప్పు కాదు, లెక్కలో కూర్చున్న తప్పు. ఆ 760 ఎక్కడిది? అది సముద్ర మట్టానికి చెప్పే లెక్క. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో పీడనం 715 మి.మీ.కి అటూ ఇటూ ఉంటది. రెండోది, నీళ్ల మీద పట్టిన వాయువులో హైడ్రోజన్ ఒక్కటే ఉండదు, నీటి ఆవిరి కలిసి ఉంటది. 31 డిగ్రీల దగ్గర దాని వాటా 33.7 మి.మీ. ఈ రెండూ తీసెయ్యకపోతే ఆర్ పైకే పోతది.
ట్యూబులో నీళ్ల మట్టం బయటి నీళ్ల కంటే ఎంత పైన ఉందో రాయలేదు. అది కూడా కావాలె.

పాలమూరు_పిప్పెట్:
ట్యూబుల నీళ్లు బీకర్ మట్టం కంటే 60 మి.మీ. పైన ఉన్నయి. కానీ సార్, వెదర్ సైట్‌ల ఆ రోజు మహబూబ్‌నగర్‌కు 1008 హెక్టోపాస్కల్ అని ఉంది. అంటే 756 మి.మీ. ఇది 760కి దగ్గరనే కదా, మరి 715 ఎట్లొస్తది?

జడ్చర్ల_సర్క్యూట్:
తమ్మీ, గక్కడనే అందరూ పడేది. వెదర్ సైట్లు, టీవీ వార్తలు చెప్పే పీడనం ఆ ఊరిది కాదు. ఊరి పీడనాన్ని సముద్ర మట్టానికి దించి సవరించిన అంకె అది. మ్యాపు మీద తుపాను గీతలు గీయాలంటే అన్ని ఊర్లూ ఒకే ఎత్తున ఉన్నట్టు చూపాలె, లేకుంటే కొండ మీది ఊరు ప్రతి రోజూ అల్పపీడనమే అన్నట్టు కనపడతది. నీ ట్యూబును నొక్కుతున్న గాలికి ఆ సవరణతోని పనిలేదు.
నీకు కావాల్సింది స్టేషన్ పీడనం, అంటే సవరించని, నీ ఊరి ఎత్తున ఉన్న అసలు పీడనం. మంచి ఫోన్లల్ల బారోమీటర్ సెన్సార్ ఉంటది. సెన్సార్ రీడింగులు చూపే యాప్ ఏదైనా ఏస్కొని, పచ్చి రీడింగు చూడు. "సీ లెవెల్" అని సవరణ పెట్టిన యాప్ అయితే మళ్ల మొదటికే వస్తది. సెన్సార్ లేకుంటే ఎత్తును బట్టి కట్టొచ్చు: సైట్ అంకెను ఈ (2.718) పవర్ మైనస్ (ఎత్తు ÷ 8900) తోని గుణించు. 8900 మీటర్లు అన్నది 31 డిగ్రీల గాలికి. 500 ÷ 8900 = 0.0562, గుణకం 0.945. 1008 × 0.945 = 953 హెక్టోపాస్కల్. అంటే 714.8 మి.మీ.
మిర్యాలగూడ దిక్కు పొలాలు చాలా కిందికి ఉంటయి. అక్కడి కాలేజీ వాళ్లు 760 తీసుకున్నా మీ అంత తేడా రాదు. అందుకే ఒక కాలేజీ రికార్డు చూసి ఇంకో కాలేజీ వాళ్లు రాసుకోవద్దు.

అచ్చంపేట_అక్క:
ల్యాబుల గోడకు ఫార్టిన్ బారోమీటర్ (పాదరసంతోని గాలి పీడనం కొలిచేది) ఉంటే ఫోన్ కంటే అదే మేలు, కానీ దాన్ని చదివే పద్ధతి తెల్వాలె. కింద స్క్రూ తిప్పి, పాదరసం పైకి తెచ్చి, దంతపు ముల్లు కొన దాని నీడను సరిగ్గా తాకేటట్టు ఆపాలె. పాదరసంలో గుంట పడితే ఎక్కువ తిప్పినట్టు. గొట్టాన్ని వేలితోని మెల్లగ తట్టి, వెర్నియర్ (జరిగే చిన్న స్కేలు) కింది అంచును పాదరసం బుడిపె మీదికి తేవాలె. పక్కనున్న థర్మామీటర్ చూసి రాయాలె. దాన్ని చాలామంది వదిలేస్తరు.
అది ఎందుకంటే, వేడికి పాదరసం ఉబ్బుతది, ఇత్తడి స్కేలు అంతకంటే తక్కువ సాగుతది. సవరణ: రీడింగు × 0.000163 × డిగ్రీలు. ఆ రోజు ఫార్టిన్ మీద 720.2 కనపడిందనుకో. 720.2 × 0.000163 × 31 = 3.6. తీసేస్తే 716.6. ఇంకొకటి గురుత్వం. మన అక్షాంశంల జీ 9.783, బారోమీటర్ స్కేలు 9.80665 లెక్కన గీసింది. అది 0.24 శాతం, అంటే ఇంకో 1.7 మి.మీ. పోతది. మిగిలింది 714.9. పైన తమ్ముడు ఎత్తును బట్టి కట్టిన దానికి సరిపోయింది చూడుండ్రి.
ఈ రెండు సవరణలు వదిలేస్తే ఆర్ ముప్పావు శాతం పైకి జరుగుతది. 760 పెట్టినోళ్లకు ఇది లెక్కల్లోకి రాదు, కానీ మిగిలినయన్నీ సరిచేసినంక ఇదే పెద్దగ కనపడతది.

సాగర్_590:
ఇప్పుడు మొత్తం లెక్క.
బయటి గాలి పీడనం 714.8.
నీళ్ల స్తంభం 60 మి.మీ. పాదరసంలోకి మార్చితే 60 ÷ 13.6 = 4.4. ట్యూబులో నీళ్లు పైన ఉన్నయంటే లోపలి పీడనం బయటి కంటే తక్కువ, కాబట్టి తీసెయ్యాలె.
నీటి ఆవిరి 33.7. అదీ తీసెయ్యాలె.
పొడి హైడ్రోజన్ పీడనం 714.8 − 4.4 − 33.7 = 676.7 మి.మీ.
పరమ ఉష్ణోగ్రత 304.15 కెల్విన్.
ఆర్ = (676.7 × 0.0417) ÷ (0.0014812 × 304.15) = 62.64 లీటర్·మి.మీ./మోల్·కెల్విన్.
జౌల్స్‌లోకి: 62.64 × 0.13332 = 8.351.
తేడా 0.44 శాతం. మీ రీడింగులు చాలా మంచియి, చెడగొట్టింది ఏ సవరణా లేకుండ 760 పెట్టడమే అనుకోండి. సైట్‌లోని 1008 పెట్టి ఆవిరినీ స్తంభాన్నీ తీసేసినా 8.86 దగ్గరనే ఆగేది. చూసేటోళ్లు "ఆవిరి తీసేసినం కదా, ఇంక ఏముంది" అనుకొని ఆసిడ్ మీదికి పోతరు.
ఎండకాలం ల్యాబు వేడి ఎక్కితే ఆవిరి లెక్క ఇంకా బరువైతది. 25 డిగ్రీలకు 23.8, 35 డిగ్రీలకు 42.2, 40 డిగ్రీలకు 55.3 మి.మీ. మాన్యువల్‌లో 25 డిగ్రీల పట్టిక ఉందని అదే రాసుకుంటే మే నెలల నాలుగు శాతం దాకా తేడా కొడతది.

నల్లగొండ_నీళ్లు:
మాకు ఇంకో తేడా ఉంది. పీడనం, ఆవిరి అన్నీ సవరించినా రెండు మూడు శాతం పైకే ఉంటుంది. మా దగ్గర బోరు నీళ్లు వాడతరు. ఫ్లోరైడ్ వల్లనా?

అచ్చంపేట_అక్క:
ఫ్లోరైడ్‌కు పాపం ఈ కేసుతోని సంబంధం లేదు. దాని నుంచి ఇక్కడ గ్యాస్ ఏమీ రాదు. అసలు దొంగ బైకార్బొనేట్. బోరు నీళ్లల్ల అది ఉంటది, ఆసిడ్ తగిలితే కార్బన్ డయాక్సైడ్ అయితది. ఆ గ్యాస్ కొంత నీళ్లల్లనే కరిగి ఉంటది, కొంత హైడ్రోజన్ బుడగలతోని పైకి పోయి ట్యూబుల చేరుతది. మీరు దాన్ని గూడ హైడ్రోజనే అని కొలుస్తున్నరు.
ఎంత దాక ఉండొచ్చో చూడుండ్రి. క్షారత లీటరుకు 400 మి.గ్రా. (కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఉన్న నీళ్లు అనుకుంటే, లీటరుకు 8 మిల్లీమోల్స్ బైకార్బొనేట్. ట్యూబుల 40 మి.లీ. నీళ్లుంటే 0.32 మిల్లీమోల్. అంతా గ్యాసై బయటికొస్తే 9 మి.లీ.! అంతా రాదు, ఎక్కువ భాగం కరిగే ఉంటది. కానీ ఒక్క మి.లీ. చేరినా ఆర్ 2.4 శాతం లేస్తది.
తేల్చుకోవాలంటే మెగ్నీషియం లేకుండ ఒట్టి ఆసిడ్, అదే నీళ్లు పోసి ట్యూబు బోర్లించి పెట్టుండ్రి. పైన బుడగ పేరుకుంటే నీళ్లే కారణం. డిస్టిల్డ్ వాటర్ దొరకకుంటే ఇన్వర్టర్‌కు పోసే బ్యాటరీ వాటర్ తెచ్చుకోండి, ట్యూబు మందం నీళ్లకు పెద్ద ఖర్చు గాదు. ఫ్రిజ్ నీళ్లు అసలే వద్దు. చల్లటి నీళ్లల్ల కరిగిన గాలి వెచ్చబడంగనే బయటికొస్తది.

పాలమూరు_పిప్పెట్:
మాకు గ్యాస్ ట్యూబు లేదు, 50 మి.లీ. బ్యూరెట్ బోర్లించి చేస్తం. దాంట్ల ఏమన్న చూసుకోవాల్నా?

సాగర్_590:
చాలా ఉంది. బ్యూరెట్ గీతలు 50 దగ్గర ఆగిపోతయి, కానీ 50కీ కుళాయికీ మధ్యన గుర్తుల్లేని జాగ ఉంటది. బోర్లిస్తే గ్యాస్ మొదట చేరేది అక్కడనే. మీ 41.7లో అది కలిపి ఉందో లేదో చూడండి. దాన్ని కొలవాలంటే బ్యూరెట్‌ను నిలువుగ పెట్టి, ముక్కు నిండేట్టు నీళ్లు వదిలి, 50 గీత దాకా దించండి. మిగిలిన నీళ్లను తూచిన బీకర్‌లోకి కుళాయి తిప్పి వదలండి. ఎన్ని గ్రాములుంటే దాదాపు అన్ని మి.లీ. గ్యాస్ ఘనపరిమాణం = (50 − రీడింగు) + ఆ జాగ. బ్యూరెట్ బ్యూరెట్‌కూ అది మారతది, ఒకదానిది ఇంకోదానికి రాసుకోవద్దు. కుళాయికి గ్రీజు సన్నగ పూసి, పది నిమిషాలు బోర్లించి, నీటి మట్టం దిగుతుందా చూసినంకనే మొదలుపెట్టాలె.
పొయ్యడం ఇట్ల: ముందు 6 మోలార్ ఆసిడ్ 10 మి.లీ. (గాఢ ఆసిడ్‌ను సమానం నీళ్లలోకి పోసి చేసుకున్నది, నీళ్లను ఆసిడ్‌లోకి పోస్తే చిట్లుతది). దాని మీద నీళ్లు గోడ వెంబడి నెమ్మదిగ, కలవకుండ, అంచు దాకా. రిబ్బన్‌ను చుట్టజుట్టి సన్నటి రాగి తీగ పంజరంలో పెట్టి, తీగ కొసను ఒంటి రంధ్రం రబ్బరు బిరడాతో బిగించాలె. రాగి ఈ ఆసిడ్‌తో చర్య జరపదు, అందుకే రాగి. రంధ్రం మీద వేలు పెట్టి, బీకర్‌ నీళ్లల్ల బోర్లించి, వేలు తియ్యాలె. ఆసిడ్ బరువు కాబట్టి తనే కిందికి దిగి రిబ్బన్‌ను అందుకుంటది.
బోర్లించేటప్పుడు గాలి బుడగ ఒక్కటి మిగిలినా అది నేరుగ ఆర్‌లో కలుస్తది. పంజరం వదులైతే రిబ్బన్ ముక్క తేలి, గ్యాస్‌లోకి పోయి గోడకు అతుక్కుంటది. అది కరగదు, ఆర్ కిందికి పడతది. ట్యూబును వంచి ముక్కను తడపాలె.
చర్యకు వేడి పుడతది. బుడగలు ఆగంగనే చదవొద్దు. పది నిమిషాలు ఆగి, గోడకు తట్టి, అంటుకున్న బుడగలు పైకి పంపి, అప్పుడు చదవండి. ఒక డిగ్రీ వేడి మిగిలి ఉంటే ఘనపరిమాణంలో 0.33 శాతం, ఆవిరి తేడా అదనం. లోతైన లీటరు కొలజాడీ ఉంటే ట్యూబును దాంట్లకు మార్చి, లోపలి బయటి మట్టాలు సమానం చేస్తే 13.6తో భాగించే పనే తప్పుతది. మార్చేటప్పుడు రంధ్రం మూయడం మర్చిపోవద్దు.

కోదాడ_కోచింగ్:
0.0360 గ్రాములు అని రాసిండ్రు. ఏ తక్కెడ మీద? రెండు దశాంశాల తక్కెడైతే ఆ 60కి అర్థం లేదు. 0.04 అని చూపుతది, తేడా 12 శాతం దాక పోవచ్చు.

అచ్చంపేట_అక్క:
నాలుగు దశాంశాల తక్కెడ లేనోళ్లు మీటరు రిబ్బన్ మొత్తం తూచి, పొడవును బట్టి ముక్క కట్టుకోవచ్చు. మీటరుకు 0.98 గ్రా. ఉంటే 3.67 సెం.మీ. ముక్క 0.0360. కోతల అర మి.మీ. తప్పితే 1.4 శాతం, తక్కెడది అర శాతం. కానీ రిబ్బన్‌ను గరుకు కాయితంతోని మొత్తం మెరిసేదాక రుద్దినంకనే తూచాలె. బూడిద రంగు పొర ఆక్సైడ్. దానికి బరువు ఉంటది, గ్యాస్ ఇయ్యదు. పాత డబ్బాల రిబ్బనైతే ఆర్ తక్కువ వచ్చేది గిందుకే. రుద్దినంక చేతితోని పట్టుకోవద్దు.

జడ్చర్ల_సర్క్యూట్:
ఈ ఆసిడ్ గోల లేకుండ ఇంకో తొవ్వ. 60 మి.లీ. సిరంజికి బీఎంపీ280 అనే పీడనం కొలిచే సెన్సార్ తగిలించి, గాలిని నొక్కుకుంట పీడనం, ఘనపరిమాణం రాయాలె. పీడనానికీ ఒకటి బై ఘనపరిమాణానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ, వాలు ఎన్ఆర్‌టీ (మోల్స్ × ఆర్ × పరమ ఉష్ణోగ్రత). ఎన్, టీ తోని భాగిస్తే ఆర్.

సాగర్_590:
ఎన్ ఎట్ల తెల్సింది? సిరంజిలోని గాలి మోల్స్‌ను 22.4తోనో, పీవీ = ఎన్ఆర్‌టీతోనో కట్టిండ్రనుకోండి, ఆర్‌ను ముందే లోపల పెట్టి మళ్ల బయటికి తీసినట్టు. తప్పకుండ 8.31 వస్తది, రాకుంటే ఆశ్చర్యం. 60 మి.లీ. గాలి బరువు 0.066 గ్రా. దాకా ఉంటది. దాన్ని విడిగా తూచి కడితేనే అది కొలత. ఆ ప్రయోగం బాయిల్ నియమానికి బాగుంటది. అప్పుడు కూడా ఘనపరిమాణానికీ ఒకటి బై పీడనానికీ గ్రాఫ్ గీయండి. సెన్సార్ గొట్టంలో ఇరుక్కున్న గాలి ఎంతో ఖండనబిందువు దగ్గర కనపడతది. ఇంకోటి, ఆ సెన్సార్ కొలిచేది 1100 హెక్టోపాస్కల్ దాకానే. మన ఊర్లల్ల గాలిని ఏడో వంతు నొక్కినా దాని హద్దు దాటిపోతది.

దేవరకొండ_డిప్లొమా:
మెకానికల్ వాళ్ల పట్టికల్ల గాలికి ఆర్ 0.287 అని ఉంటది. అది వేరేదా?

కోదాడ_కోచింగ్:
అది కిలోకు, ఇది మోల్‌కు. 8.314ను గాలి మోలార్ భారం 0.02896 కిలోలతో భాగిస్తే 287 జౌల్/కిలో·కెల్విన్. ప్రతి వాయువుకూ ఆ 0.287 మారతది, 8.314 మారదు. టీజీ ఈఏపీసెట్‌కు రాసే పిల్లలు యూనిట్లు చూసి ఆర్ ఎంచుకోవాలె: అట్మాస్ఫియర్, లీటర్ అయితే 0.0821, బార్, లీటర్ అయితే 0.0831; పాస్కల్, ఘనపు మీటర్ అయితే 8.314, కేలరీల్ల 1.987. మొదటి రెండు పక్కపక్కనే ఉండి మోసం జేస్తయి. 22.4 లీటర్లు 1 అట్మాస్ఫియర్‌కు, 22.7 లీటర్లు 1 బార్‌కు. ప్రశ్నల ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) అన్నప్పుడు ఏదో చూసుకోవాలె.

నల్లగొండ_నీళ్లు:
హైడ్రోజన్ నిజమైన వాయువు కదా, ఆదర్శ వాయువు కాదు. ఆ తేడా ఎంత?

సాగర్_590:
ఈ పీడనం దగ్గర 0.06 శాతం దాపు. దాని మీద నెపం పెట్టొద్దు, ఎవరైనా వైవాలో "రియల్ గ్యాస్ కాబట్టి" అంటే తర్వాతి ప్రశ్న "ఎంత" అనే వస్తది. కార్బన్ డయాక్సైడ్‌తో చేస్తే అర శాతం వచ్చేది. హైడ్రోజన్ నీళ్లల్ల కరగడం దీనికంటే పెద్దది: 50 మి.లీ. నీళ్లు పూర్తిగ సంతృప్తమైతే 0.9 మి.లీ. దాక మింగుతయి. పది నిమిషాలల్ల అంత జరగదు, కానీ ట్యూబును తెల్లారేదాక వదిలేసి చదవొద్దు.

దేవరకొండ_డిప్లొమా:
పీడనమే పట్టించుకోని పద్ధతి ఏదన్నా ఉందా?

జడ్చర్ల_సర్క్యూట్:
ఉంది, ధ్వని వేగం. ఆర్ = మోలార్ భారం × వేగం వర్గం ÷ (గామా, అంటే వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి, × పరమ ఉష్ణోగ్రత). దాంట్ల పీడనం లేనే లేదు, కొండ మీద చేసినా గట్టు కింద చేసినా ఒకటే. 1988లో అమెరికా ప్రమాణాల సంస్థ వాళ్లు గోళాకారపు పాత్రలో ఆర్గాన్ నింపి, ధ్వని అనునాదాలు కొలిచి ఇదే తొవ్వల 8.314471 అని తేల్చిండ్రు.
ఫిజిక్స్ ల్యాబు రెజొనెన్స్ గొట్టం చాలు. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ (శృతిదండం), 31 డిగ్రీలు. మొదటి రెండో అనునాదాల మధ్య 34.4 సెం.మీ. వస్తే వేగం 2 × 512 × 0.344 = 352.3 మీ./సె. గాలి 0.02896, గామా 1.400 పెడితే ఆర్ 8.44 వస్తది. ఒకటిన్నర శాతం ఎక్కువ! గొట్టంల నీళ్ల మీది గాలి తడిది కాబట్టి. 33.7 ÷ 714.8 = 4.7 శాతం నీటి ఆవిరి. దాంతోని సగటు మోలార్ భారం 0.02845, గామా 1.396. ఇవి పెడితే 8.31.

అచ్చంపేట_అక్క:
అంటే ఆవిరి పట్టిక కోసం చివరికి పీడనం చూడాల్సే వచ్చింది కదా తమ్మీ. 

జడ్చర్ల_సర్క్యూట్:
వచ్చింది అక్కా, కానీ అక్కడ 760 పెట్టినా ఆర్‌ల 0.1 శాతమే కదులుతది. రిబ్బన్ ప్రయోగంల గదే తప్పుకు ఏడు శాతం.

పాలమూరు_పిప్పెట్:
2019 నుంచి ఆర్ విలువకు తేడానే లేదంట కదా, ఖాయం చేసిండ్రంట. మరి కొలుసుడు ఎందుకు? రికార్డుల ఏం రాయాలె?

సాగర్_590:
2019 మే 20 నుంచి బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, అవొగాడ్రో సంఖ్య రెండూ ఖాయం. వాటి లబ్ధం 8.31446261815324, దాంట్ల అనిశ్చితి సున్న. కాబట్టి మీరు చేసేది ఆర్‌ను కనుక్కోవడం కాదు, మీ తక్కెడ, థర్మామీటర్, బారోమీటర్, బ్యూరెట్ నాలుగింటినీ ఒక్కసారే పరీక్షకు పెట్టడం. 
రికార్డులో 8.3510 అని రాయొద్దు. బరువుల 0.0002 గ్రా. అంటే 0.6 శాతం, బ్యూరెట్ 0.1 మి.లీ. అంటే 0.25, పీడనం ఒక హెక్టోపాస్కల్ తప్పినా 0.11, అర డిగ్రీకి ఆవిరి 0.15, ఉష్ణోగ్రత 0.16. వర్గాలు కూడి మూలం తీస్తే 0.7 శాతం. 8.35 ± 0.06 అని రాసి, కింద స్టేషన్ పీడనం 953 హెక్టోపాస్కల్ ఎట్ల వచ్చిందో ఒక లైను పెట్టండి. పరీక్షకు వచ్చినాయన మొదట అడిగేది అదే.